స్ప్రింటర్‌ని రిసీవర్‌గా తీసుకోవాలా? మా కాలేజీలో ఒక అబ్బాయి కేసు

ఏప్రిల్‌లో ఒక శనివారం, ట్రాక్ మీట్‌లో 100 మీటర్ల హీట్లు జరుగుతుంటే మా కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ రిసీవర్స్ కోచ్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. మూడో లేన్‌లో మా ట్రాక్ టీమ్ అబ్బాయి 10.58 పరిగెత్తాడు. బోర్డు మీద టైమ్ పడగానే ఆయన నా భుజం పట్టుకుని "వీణ్ణి నాకు ఇచ్చెయ్, బంతి పట్టడం నేను నేర్పుకుంటా" అన్నాడు. అక్కడ మొదలై రెండున్నరేళ్లు నడిచిన కేసు ఇది. ఇందులో నేను చేసిన తప్పులు కూడా ఉన్నాయి, అవి కూడా రాస్తున్నాను, ఎందుకంటే ప్రతి వసంతంలో ఏదో ఒక కాలేజీలో ఏదో ఒక కోచ్ ఇదే మాట అంటూనే ఉంటాడు.

ముందు నేనెవరో చెప్పాలి. మాది గుంటూరు జిల్లా. కాలేజీ రోజుల్లో 100, 200 పరిగెత్తాను, మాస్టర్స్‌కి అమెరికా వచ్చి ఇక్కడే ట్రాక్ కోచింగ్‌లో ఉండిపోయాను. మిడ్‌వెస్ట్‌లో ఒక డివిజన్ 2 (కాలేజీ ఆటల్లో రెండో స్థాయి) కాలేజీలో స్ప్రింట్స్ చూస్తాను, ఫుట్‌బాల్ కుర్రాళ్లకి వేగం పెంచే పని కూడా నాదే. అబ్బాయి పేరు, కాలేజీ పేరు రాయను, మిగతాదంతా అతనికి చెప్పి, ఒప్పించుకునే రాస్తున్నాను.

అమెరికన్ ఫుట్‌బాల్ చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు, రిసీవర్ పట్టుకోవాలి. రిసీవర్ ఇష్టమొచ్చినట్టు పరిగెత్తడు, ముందే అనుకున్న దారిలో వెళ్తాడు, దాన్ని రూట్ అంటారు. ఎదురుగా కార్నర్‌బ్యాక్ అనేవాడు అడ్డం పడుతుంటాడు, వెనకాల సేఫ్టీ అనేవాడు కాపు కాస్తుంటాడు. మన ఊళ్లో కబడ్డీ ఆడినవాళ్లకి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. ఊరందరికంటే వేగంగా పరిగెత్తేవాడే మంచి రైడర్ అవుతాడనేం లేదు, గీత దగ్గర నడుం దించి, ఎదుటివాడి బరువు ఏ కాలి మీద ఉందో చూసి, చటుక్కున తిరిగేవాడే రైడర్. ఇంత తెలిసి కూడా ఆ శనివారం ఆ మాట నాకు గుర్తు రాలేదు. 10.58 అనే అంకె ముందు అందరం మెత్తబడ్డాం.

మా హెడ్ కోచ్‌ని ఒప్పించడానికి రిసీవర్స్ కోచ్ చెప్పిన పేరు బాబ్ హేస్. ఈ చర్చ ఎక్కడ జరిగినా మొదట వచ్చే పేరు ఇదే. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల గోల్డ్, రిలే గోల్డ్ గెలిచి, మర్నాటి ఏడాదే ప్రొఫెషనల్ టీమ్ డల్లాస్ కౌబాయ్స్ తరఫున దిగి మొదటి సీజన్‌లోనే 46 క్యాచ్‌లు, 1003 గజాలు, 12 టచ్‌డౌన్లు (బంతిని అవతలి చివరి గీత దాటించడం) చేశాడు. ఆయన్ని మనిషికి మనిషి అడ్డం పెట్టి ఆపలేక టీమ్‌లు జోన్ డిఫెన్స్ (మనిషిని కాకుండా మైదానంలో ఒక్కో చోటుని కాపు కాయడం) వైపు మళ్లాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. 2009లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు, అప్పటికి ఆయన బతికి లేరు. ఇదంతా నిజమే. కానీ హేస్ ఫ్లోరిడా ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో హాఫ్‌బ్యాక్‌గా, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాడిగా, ఫుట్‌బాల్ ఆడినవాడన్న సంగతి ఆ రోజు మా మీటింగ్‌లో ఎవరూ ఎత్తలేదు. ట్రాక్ నుంచి ఫుట్‌బాల్‌కి అరువు తెచ్చిన మనిషి కాదాయన, టోక్యో వెళ్లకముందే ఫుట్‌బాల్ ఆటగాడు.

రెండో వైపు చూస్తే జిమ్ హైన్స్. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 9.95తో గోల్డ్ కొట్టాడు. ప్రొఫెషనల్ టీమ్ మయామీ డాల్ఫిన్స్ డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునేది) ఆరో రౌండ్‌లో తీసుకుంది. 1969లో ఆడిన సీజన్‌లో ఆయన పట్టినవి 2 క్యాచ్‌లు, 23 గజాలు. లోకంలోకెల్లా వేగంగా పరిగెత్తే కాళ్లు, కానీ బంతికి అలవాటు పడని చేతులు. 110 హర్డిల్స్‌ని 13 సెకన్ల లోపు మొదట పూర్తి చేసిన రెనాల్డో నెహెమియా (1981లో 12.93) కాలేజీ ఫుట్‌బాల్ ఆడకుండానే శాన్‌ఫ్రాన్సిస్కో 49ర్స్‌లోకి వెళ్లాడు, మూడు సీజన్లలో 43 క్యాచ్‌లు పట్టాడు. అది చెడ్డ లెక్క కాదు, అలాగని లోకం ఎదురుచూసినంతా కాదు. అంత గొప్ప అథ్లెట్‌కే, అంత గొప్ప టీమ్‌లోనే అంతవరకే సాగిందంటే, మా 10.58 కుర్రాడి మీద మేం పెట్టుకున్న ఆశ ఎంత తొందరపాటో ఇప్పుడు తెలుస్తోంది.

సరే, మా అబ్బాయి సంగతి. అప్పుడు మొదటి సంవత్సరం. ఆరడుగుల ఒక అంగుళం, 168 పౌండ్లు. హైస్కూల్లో తొమ్మిదో తరగతి వరకే ఫుట్‌బాల్ ఆడాడు, అదీ డిఫెన్స్‌లో, తర్వాత ట్రాక్ కోసం మానేశాడు. అడగ్గానే సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆ వయసు పిల్లాణ్ణి హెడ్ కోచ్ పిలిచి మా టీమ్‌లోకి రా అంటే కాదంటాడా.

మొదటి వారం మేం చేసిన పరీక్షల్లోనే కేసంతా బయటపడింది, మాకే చూడటం తెలియలేదు. 40 గజాల పరుగులో (అంటే దాదాపు 36.6 మీటర్లు) వాడు టీమ్‌లో అందరికంటే వేగం. అందరూ చప్పట్లు కొట్టారు. అదే రోజు 10 గజాల టైమ్ కూడా తీశాం. జన్మలో స్పైక్స్ వేసుకోని మా స్లాట్ రిసీవర్ (అంచున కాకుండా లోపలి వైపు నిలబడే రిసీవర్) అందులో వీడికంటే ముందున్నాడు. నేను దాన్ని పట్టించుకోలేదు, బ్లాక్స్ లేకుండా నిలబడి పరిగెత్తడం కొత్త కదా, అలవాటైపోతుందిలే అనుకున్నాను. పోయింది అక్కడే. మంచి స్ప్రింటర్ తన పూర్తి వేగానికి చేరేది 50, 60 మీటర్ల దగ్గర. ఫుట్‌బాల్‌లో రూట్లలో చాలావరకు 15 గజాల లోపే అయిపోతాయి. వాడి అసలు ఆస్తి మొదలయ్యే చోటికి ఆట చాలాసార్లు ముగిసిపోతుంది.

తర్వాత కర్ల్ రూట్ పెట్టాం. 12 గజాలు ఎదురుగా వెళ్లి, ఆగి, క్వార్టర్‌బ్యాక్ వైపు తిరగాలి. మంచి రిసీవర్ మూడు అంగల్లో ఆగుతాడు. మా వాడికి ఆరేడు అంగలు పట్టింది, తిరిగేసరికి 15 గజాల దగ్గర ఉన్నాడు, బంతి ఎప్పుడో వచ్చి నేల మీద పడింది. వీడియో నెమ్మదిగా చూస్తే ఇంకా బాధగా ఉండేది, ఎందుకంటే వాడి ఒంట్లో కనిపించిన ప్రతి తప్పూ నేను నేర్పిన ఒప్పే. నడుం ఎత్తులో పెట్టు, పాదం ఒంటి కిందే పడాలి, మడమ తగలకూడదు, వేగాన్ని చంపకు అని ఏడాదంతా చెప్పింది నేనే. 100 మీటర్ల పందెంలో బ్రేక్ అనేదే ఉండదు, గీత దాటాక ముప్పై నలభై మీటర్లు తీరిగ్గా ఆగుతాం. రిసీవర్ బతుకంతా బ్రేకులోనే ఉంటుంది. నడుం దించాలి, పాదం ఒంటికి ముందు గట్టిగా నాటాలి, ఛాతీ మోకాళ్ల మీదకి రావాలి. మా వాడు ఆగే ముందు ఛాతీ పైకి లేచేది, అంగ చిన్నదయ్యేది, అది చూడగానే కార్నర్‌కి వీడు ఆగబోతున్నాడని తెలిసిపోయేది.

చేతుల సంగతి ఇంకో రకం. 4x100 రిలేలో బ్యాటన్ అందుకునేవాడు వెనక్కి చూడకూడదు, చూస్తే వేగం పోతుంది, చెయ్యి వెనక్కి చాపి నమ్మకంతో పరిగెత్తాలి. ఇదీ నేనే నేర్పాను. ఇప్పుడు అదే కుర్రాణ్ణి పూర్తి వేగంలో ఉండగా తల తిప్పి, భుజం మీదుగా గాల్లో బంతిని చూడమంటున్నాం. తల తిప్పగానే వాడి పరుగు వంకరపోయేది. బంతి కనబడగానే చేతులు రెండు అంగల ముందే చాపేవాడు, చేతులు ఊపడం ఆగితే కాళ్లు కూడా నెమ్మదిస్తాయి కాబట్టి అందాల్సిన బంతి అడుగు దూరంలో పడేది. దీనికి తోడు ప్రెస్, అంటే కార్నర్ ముఖాముఖి నిలబడి మొదటి అడుగులోనే ఛాతీ మీద చేతులేసి తొయ్యడం. తొమ్మిదో తరగతి తర్వాత సొంత లేన్‌లోనే పరిగెత్తినవాణ్ణి ఎవరూ ముట్టుకోలేదు. మొదటిసారి తోసినప్పుడు వాడి ముఖంలో కనిపించింది భయం కాదు, ఇలా కూడా చెయ్యొచ్చా అన్న ఆశ్చర్యం.

ఆ శరదృతువు మొత్తం మ్యాచ్‌లు ఆడించకుండా ప్రాక్టీస్‌లోనే ఉంచారు. ఇక్కడ దీన్ని రెడ్‌షర్ట్ అంటారు, ఆడే హక్కులో ఒక సంవత్సరం ఖర్చవకుండా నేర్చుకునే వీలు. హెడ్ కోచ్ ఈ ఓపిక చూపించకపోతే ఈ కేసు రాయడానికి ఏమీ ఉండేది కాదు. రోజూ ప్రాక్టీస్ అయ్యాక జగ్స్ మెషిన్ (బంతులు విసిరే యంత్రం) ముందు బంతులు, ముందు నిలబడి, తర్వాత నడుస్తూ, తర్వాత పరిగెత్తుతూ. గోడకి టెన్నిస్ బంతి కొట్టి ఒంటి చేత్తో పట్టడం. నా వైపు నుంచి ఆగే పని: ఐదు గజాలు పరిగెత్తి ఆగు, ఎనిమిది పరిగెత్తి ఆగు, పన్నెండు పరిగెత్తి ఆగు, దీంతో పాటు బరువుతో నెమ్మదిగా కిందికి దిగే స్క్వాట్లు, ఎందుకంటే ఆగేటప్పుడు తొడలు మొయ్యాల్సిన భారం స్ప్రింట్‌లో ఎప్పుడూ పడదు.

ఇప్పుడు నా తప్పు. రెండో ఏడాది వసంతం వచ్చేసరికి ట్రాక్ సీజన్, ఫుట్‌బాల్ స్ప్రింగ్ ప్రాక్టీస్ ఒకేసారి మొదలయ్యాయి. మంగళవారం నా దగ్గర ఫ్లయింగ్ స్ప్రింట్లు (ముందే వేగం అందుకుని పరిగెత్తేవి), బుధవారం ఫుట్‌బాల్‌లో గో రూట్లు (సూటిగా దూరం పరిగెత్తేవి), గురువారం మళ్లీ నా దగ్గర బ్లాక్ స్టార్ట్లు, శనివారం మీట్. నా షీట్‌లో నా పరుగులే ఉన్నాయి, వాళ్ల షీట్‌లో వాళ్లవే ఉన్నాయి, రెండూ కలిపి వారంలో ఆ తొడల మీద ఎంత పడుతోందో ఎవరూ కూడలేదు. కూడాల్సింది నేనే, ఎందుకంటే రెండు చోట్లా ఉన్నది నేనొక్కణ్ణే. నాలుగో వారంలో 200 మీటర్ల వంపు దాటి బయటికి వస్తుండగా హామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) పట్టేసింది. ఏడు వారాలు పోయాయి. కాన్ఫరెన్స్ మీట్ పోయింది, స్ప్రింగ్ ప్రాక్టీస్‌లో సగం పోయింది. వాళ్లమ్మ ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగింది: "కోచ్, మా అబ్బాయి బాధ్యత మీదా, ఫుట్‌బాల్ వాళ్లదా?" నాదేనమ్మా అన్నాను. అని ఊరుకోకుండా ఆ రోజు సాయంత్రమే రిసీవర్స్ కోచ్ గదికి వెళ్లి రెండు షీట్లూ పక్కపక్కన పెట్టాను. అప్పట్నుంచి ఒకటే షీట్. ఎవరి దగ్గర పరిగెత్తినా సరే, 30 గజాలు దాటిన పూర్తి వేగం పరుగులు లెక్కపెట్టాం, అలాంటివి ఉన్న రోజులు వారంలో రెండే, మధ్యలో కనీసం రెండు రోజుల ఎడం. తర్వాత మళ్లీ ఆ గాయం రాలేదు. ఒక్క కుర్రాడి మీద చేసిన మార్పుతో గొప్ప సిద్ధాంతం చెప్పలేను గానీ, రెండు ఆటలు ఆడే పిల్లలున్న ఏ కాలేజీ అయినా ఈ ఒక్క పని రేపే మొదలుపెట్టాలి.

మూడో ఏడాది వాణ్ణి మ్యాచ్‌ల్లో దింపారు. మొదట పంట్ టీమ్‌లో గన్నర్‌గా. బంతిని దూరంగా తన్నినప్పుడు అందరికంటే ముందు పరిగెత్తి, పట్టుకునేవాడి మీదకి వెళ్లే పని అది. స్ప్రింటర్‌ని తీసుకున్న ఏ కాలేజీ అయినా మొదట ఇక్కడ వాడుకోవాలని నా గట్టి అభిప్రాయం. 40, 45 గజాల సూటి పరుగు, వాడి అసలు ఆస్తి ఖర్చయ్యే చోటు. మా వాడు టాక్లింగ్‌లో (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేయడంలో) బలవంతుడేం కాదు, కానీ వాడు ముందే వచ్చి నిలబడుతున్నాడని చూసి అవతలివాడు పరిగెత్తకుండా ఫెయిర్ క్యాచ్ (నన్ను ముట్టుకోకండి, పట్టిన చోటే ఆగిపోతాను అని చెయ్యెత్తి చెప్పడం) అడిగేవాడు. ఆట గణాంకాల్లో ఇది ఎక్కడా వాడి పేరు మీద పడదు.

రిసీవర్‌గా మ్యాచ్‌కి ఎనిమిది, పదిసార్లు మైదానంలోకి దింపేవారు. ఇక్కడ ఇంకో దెబ్బ తగిలింది. వాడు మైదానంలోకి రాగానే అవతలి బెంచీ మీద నుంచి అరుపులు మొదలయ్యేవి, దూరం వేస్తారు, వెనక్కి, వెనక్కి అని. నాలుగు మ్యాచ్‌ల్లో మేం వాడికిచ్చిన రూట్లు అవే మరి: సూటిగా వెళ్లే గో, మధ్యకి మళ్లే పోస్ట్. కార్నర్ ఎనిమిది, తొమ్మిది గజాలు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. అలా నిలబడితే మా వాడి ముందు అంత ఖాళీ ఉంది, ఐదు గజాల దగ్గర ఆగి తిరిగి బంతి అందుకోవచ్చు, దాన్ని హిచ్ అంటారు. కానీ దానికి ఆగడం రావాలి. ఈ కేసులో నాకు అర్థమైన ముఖ్యమైన విషయం ఇదే. వేగం అవతలివాణ్ణి వెనక్కి పంపుతుంది, అలా వచ్చిన ఖాళీని గజాలుగా మార్చేది మాత్రం బ్రేక్. ఆగడం రాని స్ప్రింటర్ తను సంపాదించిన చోటుని తనే వాడుకోలేడు. మా వాడు ఆ సీజన్‌లో పట్టినవి 6.

నాలుగో ఏడాదికి ఆ హిచ్ వచ్చింది. రిసీవర్స్ కోచ్ ఇంకో మంచి పని చేశాడు, వాణ్ణి ఎప్పుడూ మైదానం వెడల్పు ఉన్న వైపు నిలబెట్టాడు. కాలేజీ మైదానంలో రెండు హాష్ గీతల (ప్రతి ఆటకీ బంతిని వీటి మీద గానీ వీటి మధ్య గానీ పెడతారు) మధ్య 40 అడుగులు ఉంటుంది, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. బంతి ఒక హాష్ మీద పెడితే కాలేజీలో అవతలి వైపు చాలా చోటు మిగులుతుంది, అంత చోటులో వేగం ఉన్నవాణ్ణి కాపు కాయడం కష్టం. స్ప్రింటర్ రిసీవర్ ప్రొఫెషనల్స్‌లో కంటే కాలేజీలో ఎక్కువ పనికొస్తాడని నేను నమ్మడానికి ఇదొక కారణం. ఆ సీజన్‌లో వాడు 21 క్యాచ్‌లు పట్టాడు, 5 టచ్‌డౌన్లు. పేపర్లో రాసేంత సంఖ్యలు కావు. కానీ మేం సీజన్ అయ్యాక వీడియో అంతా కూర్చుని చూసి సేఫ్టీ ఎంత లోతులో నిలబడ్డాడో రాసుకున్నాం. వాడు లేనప్పుడు సుమారు 12 గజాలు, వాడు ఉన్నప్పుడు 16, 17. ఆ ఖాళీలో మధ్యలో బంతులు పట్టింది, మొదట చెప్పాను చూడండి, పది గజాల పరుగులో ముందున్న స్లాట్ రిసీవర్. ఆ స్లాట్ రిసీవర్‌కి అది కాలేజీలో అన్నిటికంటే మంచి సీజన్.

మరి తీసుకోవాలా? నా జవాబు: పదో తరగతి తర్వాత కూడా ఫుట్‌బాల్ ఆడినవాడైతే తీసుకోండి, లేకపోతే రెండేళ్లు ఆగే ఓపిక, పంట్ టీమ్‌లో చోటు ఉంటేనే తీసుకోండి. డెవన్ అలెన్‌ని చూడండి. 2014లో కాలేజీ హర్డిల్స్ చాంపియన్, అదే ఏడాది ఆరిగాన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్ తరఫున 41 క్యాచ్‌లు, 684 గజాలు, 7 టచ్‌డౌన్లు. ఆయన ఫుట్‌బాల్‌కి వచ్చిన ట్రాక్ మనిషి కాదు, చిన్నప్పట్నుంచి రెండూ ఉన్న మనిషి. ఆ సీజన్ చివర రోజ్ బౌల్ అనే పెద్ద మ్యాచ్ మొదటి కిక్‌లోనే మోకాలి లిగమెంట్ తెగింది, ఆ రిస్కు గురించి కూడా తల్లిదండ్రులకి ముందే చెప్పాలి. ఇంకో వైపు, వేగాన్ని మాత్రమే చూసి తీసుకుంటే ఏమవుతుందో ప్రొఫెషనల్స్ కూడా చాలాసార్లు చూపించారు. 2009లో ఓక్‌లాండ్ రైడర్స్ 40 గజాలు 4.30 సెకన్లలో పరిగెత్తిన రిసీవర్ డారియస్ హేవార్డ్-బేని డ్రాఫ్ట్‌లో ఏడో పిక్‌లో తీసుకుంది, గాయం వల్ల అసలు పరిగెత్తనే లేని ఇంకో రిసీవర్ మైకేల్ క్రాబ్‌ట్రీ పదో పిక్ దాకా మిగిలాడు. మొదటి సీజన్‌లో హేవార్డ్-బే క్యాచ్‌లు 9. ఆ పనిలో ఉన్నవాళ్లందరికీ గుర్తుండిపోయిన డ్రాఫ్ట్ అది. తిరగేసి చూస్తే ఎన్‌ఎఫ్‌ఎల్ రిసీవర్ డీకే మెట్‌కాఫ్ 2021లో నిజమైన స్ప్రింటర్లతో 100 పరిగెత్తి 10.36తో తన హీట్‌లో చివర వచ్చాడు. ట్రాక్ కోచ్‌గా నాకు ఆ టైమ్ ముచ్చటేసింది, ఎందుకంటే అంత భారీ శరీరంతో, ప్రెస్‌ని తోసుకుని వెళ్లగల భుజాలతో 10.36 అంటే ఫుట్‌బాల్‌కి అంతకంటే ఏం కావాలి.

డబ్బు విషయం కూడా మారింది. చాలాకాలం డివిజన్ 1లో ఫుట్‌బాల్, ట్రాక్ రెండూ ఆడే కుర్రాడి స్కాలర్‌షిప్ ఫుట్‌బాల్ ఖాతాలోనే పడేది. పెద్ద కాలేజీలకి ఫుట్‌బాల్‌లో 85 ఉండేవి, మగపిల్లల ట్రాక్‌కి 12.6 మాత్రమే, కాబట్టి ట్రాక్ డబ్బుతో రిసీవర్‌ని తెచ్చుకునే వీలు ఉండేది కాదు, 85లో ఒకటి స్ప్రింటర్ మీద పెట్టాలంటే కోచ్‌లు వెనకాడేవారు. 2025లో కాలేజీ ఆటగాళ్ల కేసులో కోర్టు ఒప్పుకున్న సెటిల్‌మెంట్‌తో, అందులో చేరిన కాలేజీలకి స్కాలర్‌షిప్ పరిమితి పోయి, టీమ్‌లో ఎంతమంది ఉండొచ్చన్న పరిమితి వచ్చింది, ఫుట్‌బాల్‌కి 105. ఇప్పుడు ఆ 105లో ఒక చోటు నేర్చుకునే కుర్రాడికి ఇస్తారా, రేపే ఆడగలవాడికి ఇస్తారా అన్నదే ప్రశ్న. రేపే ఆడేవాడికే ఇస్తారని నా భయం.

డల్లాస్ నుంచి, న్యూజెర్సీ నుంచి మన తెలుగు తల్లిదండ్రులు కొందరు ఫోన్ చేస్తుంటారు. మా వాడు హైస్కూల్లో 11.1 పరిగెత్తుతున్నాడు, ఫుట్‌బాల్ కోచ్ రమ్మంటున్నాడు, పంపాలా అని. తలకి దెబ్బల గురించి వాళ్ల టెన్షన్ న్యాయమైనదే, దాన్ని నేను కొట్టిపారెయ్యను. నేను అడిగేది ఒకటే, మీ వాడు ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు ఏదైనా బంతి చేతిలో పట్టుకుని తిరుగుతాడా అని. అవునంటే మాట్లాడదాం అంటాను.

ఈ వసంతంలో మా రిసీవర్స్ కోచ్ మళ్లీ మీట్‌కి వచ్చాడు. ఈసారి ఆయన కన్ను ఒక 200 మీటర్ల కుర్రాడి మీద పడింది. పరుగు అయిపోయాక ఆయన టైమ్ చూడలేదు, సంచిలోంచి బంతి తీసి ఆ కుర్రాణ్ణి పక్కన గడ్డి మీదకి పిలిచాడు. పది గజాలు పరిగెత్తి ఆగమన్నాడు. నాలుగు అంగల్లో ఆగాడు, తిరిగాడు, బంతి పట్టాడు. ఎక్కడ ఆడావని అడిగితే హైస్కూల్లో మూడేళ్లు రిసీవర్‌నే అన్నాడు. సోమవారం నుంచి వాడి పేరు మా ఇద్దరి షీట్‌లో ఉంది.